బండ మీద ముళ్లపంది గుర్తులు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, కాలు ఒకచోట నిలవని ముళ్లపంది ఒకటి ఉండేది. పేరు సూరమ్మ. పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా తిరిగేది. చూసిందంతా మరిచిపోతానేమోనని దానికి ఒకటే దిగులు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. రాలిన ముల్లును ఎర్రమట్టి నీళ్లలో ముంచి, వాగు దారిలో ఉన్న బండ మీద గుర్తులు గీసేది. వంకర గీత అంటే నీళ్లు. మూడు చుక్కలంటే దుంపలు. అడ్డగీత కొట్టిన సున్నా అంటే వేటగాళ్లు తవ్విన గుంట.

"అవేంటి వదినా?" అని లేడి అడిగింది.

"నీకెందుకమ్మా!" అంది సూరమ్మ.

"మాకూ నేర్పరాదూ?" అని ఎలుగుబంటి అడిగింది.

"నీ లావు చేతులకు రాదులే బావా!"

చివరికి సొంత కూతురు మొల్లి అడిగింది. "ఇప్పుడు తీరిక లేదు, పో!" అంది సూరమ్మ. తీరిక లేకేం? అందరికీ వచ్చేస్తే తన గొప్ప ఏం మిగులుతుందని! ఎంత బుద్ధో చూడండి.

ఒకనాడు పొద్దున్నే వాగు దారిలో ఆకులు కప్పిన కొత్త గుంట కనిపించింది. సూరమ్మ గబగబా బండ మీద గుంట గుర్తు గీసింది. ఇంటికెళ్లి చెబుదామనుకుంది. అంతలోనే "గీశానుగా, చాల్లే" అనుకుని, ఇంకెన్ని గుంటలున్నాయో చూడ్డానికి పరుగెత్తింది.

కాసేపటికి మొల్లి నీళ్లకు వచ్చింది. తడి ఆరని గుర్తు చూసింది. "అడిగితే మళ్లీ కసురుతుంది" అనుకుని ముందుకు నడిచింది. రెండడుగులు వేసిందో లేదో, దబ్బున గుంటలో పడింది.

కేక విని సూరమ్మ వచ్చింది. గుంట చుట్టూ గిరగిరా తిరిగింది. కొండ మీద వేటగాళ్ల డప్పు మోగుతోంది, దగ్గరవుతోంది. లేడి పరుగున పోయి ఎలుగుబంటిని పిలుచుకొచ్చింది. ఆ లావు చేతులే ఒక దుంగను గుంటలోకి దించాయి. మొల్లి దాని మీదుగా పాక్కుంటూ పైకొచ్చింది.

"గుర్తు పెట్టాను కదే! చూళ్లేదా?" అని సూరమ్మ ఏడ్చింది.

"చూశానమ్మా. అదేంటో నువ్వు చెప్పలేదుగా" అంది మొల్లి.

సూరమ్మకు సిగ్గేసింది. ఆ మర్నాడే అందరినీ బండ దగ్గర కూర్చోబెట్టి గుర్తులన్నీ నేర్పింది. ఎలుగుబంటి సున్నా సొట్టలు పోయింది. అయినా ఎవరూ నవ్వలేదు.

వారం తిరక్కుండానే మరో గుంట పడింది. ఈసారి ఎలుగుబంటి చూసి, బండ మీద సొట్ట సున్నా గీసి, అడ్డగీత కొట్టింది. నీళ్లకు వచ్చిన సూరమ్మ ఆ గుర్తు చూసి టక్కున ఆగిపోయింది. కాలు నిలవని సూరమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది.

నీతి: మనం దాచుకున్న విద్య మనవాళ్లనైనా కాపాడదు, పదిమందికీ నేర్పిన విద్య మనల్నీ కాపాడుతుంది.