కిర్రు చెప్పుల మర్యాద

పాలకుదురు సంస్థానాన్ని ఏలిన పెదకేశవరాజుగారికి ఏదైనా బుద్ధి పుట్టిందంటే, అది తీరేదాకా దివాణంలో ఎవరికీ ఊపిరి సలిపేది కాదు. ఒకరోజు పాత భోషాణంలో ఆయనకు తాతగారి కిర్రు చెప్పులు దొరికాయి. ఆ తాతగారు కోట గుమ్మంలో అడుగు పెడితే కిర్రుమనే చప్పుడు అంతఃపురం దాకా వినబడేదట. రాజుగారు ముచ్చటపడి వాటిని తొడుక్కుని అటూ ఇటూ నడిచారు. చప్పుడు లేదు.

చెప్పులు కుట్టే పోలయ్యను పిలిపించారు. అతను అట్ట విప్పి చూశాడు.

"రెండు అట్టల మధ్య తోలుబిళ్ల ఉండాలి ప్రభూ. కిర్రు దానిదే. ఎండి పొడైపోయింది. మా తాత చేసేవాడు. ఇప్పుడు అడిగేవాళ్లే లేరు."

"నేను అడుగుతున్నానుగా. కొత్త జత కుట్టు," అన్నారు రాజుగారు. తర్వాత సభ వైపు తిరిగారు. "అసలు తాతగారికి ఈ చప్పుడుతో ఏం పని? సరైన జవాబు చెప్పినవాళ్లు కోరింది ఇస్తాను."

పేష్కారు శరభయ్య అందరికంటే ముందు లేచాడు. పేరుకు పేష్కారే గాని, తలుపుల వెనక నిలబడి విన్నది రాజుగారి చెవిన వెయ్యడమే ఆయన అసలు ఉద్యోగం.

"భయం కోసం ప్రభూ. ఏలినవారు వస్తున్నారంటే జనం గుండెల్లో దడ పుట్టాలి."

తాతగారు చీమను కూడా అదిలించి ఎరగరని రాజుగారికి గుర్తు. అందుకే తల ఊపలేదు.

పక్కనే తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడ్డ బుచ్చెన్న మనసు మాత్రం వంటశాలలో ఉంది. "రాజుగారి పులుసు సగం మీసాలే తాగుతాయి" అని వంటల సోమిదేవమ్మ అన్నదట. శరభయ్య ఆ మాట మోసుకొచ్చాడు. రాజుగారికి మీసాలంటే ప్రాణం. పౌర్ణమి నాటికి ఆమె మూటాముల్లె సర్దుకోవాలని ఆజ్ఞ అయింది. తల్లి లేని బుచ్చెన్నకు చిన్నప్పటి నుంచి పెరుగన్నం దాచిపెట్టిన మనిషి ఆమె. ఈ వయసులో ఎక్కడికి పోతుందా అని అతనికి ఒకటే దిగులు.

"జవాబు నేను చూపిస్తాను ప్రభూ," అన్నాడు బుచ్చెన్న. "కాకపోతే కొత్త తోలు కదా, మీ పాదం కరుస్తుంది. ముందు ఇంకెవరైనా తొడిగి మచ్చిక చెయ్యాలి. అంత ఠీవిగా నడిచే మనిషి మన పేష్కారుగారు కాక ఇంకెవరున్నారు?"

శరభయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

"సరే. దివాణంలో తిరిగినంతసేపూ అవి నీ కాళ్లకే ఉండాలి శరభయ్యా," అన్నారు రాజుగారు.

పోలయ్య కుట్టిన జత వచ్చింది. శరభయ్య మీసం మీద చెయ్యేసుకుని కిర్రు కిర్రుమంటూ బయలుదేరాడు. ఆయన చావడి మలుపు తిరిగేసరికి కాపలావాళ్లు రాజుగారి దయాగుణాన్ని పొగుడుతున్నారు. పెరటి వైపు వెళితే పనివాళ్లు రాజుగారి అందాన్ని పొగుడుతున్నారు. ఎటు వెళ్లినా పొగడ్తలే.

"ఏమిటి విశేషాలు?" అని రాజుగారు అడిగినప్పుడల్లా శరభయ్య నీళ్లు నమిలాడు.

"అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు ప్రభూ."

రాజుగారు మొదట సంతోషించారు. తర్వాత ఆవలించారు. ఇలాగే సాగితే తన పలుకుబడి ఏం కావాలని శరభయ్యకు బెంగ పట్టుకుంది.

పౌర్ణమి ముందు రోజు బుచ్చెన్న ఆయనతో మాటవరసకు అన్నట్టు అన్నాడు. "రేపు పోతాను కదా అని సోమిదేవమ్మ వంటశాలలో నోటికి వచ్చినట్టు మాట్లాడుతోందండీ."

మధ్యాహ్నం భోజనం ముగించి రాజుగారు చేతులు కడుక్కుంటుంటే బుచ్చెన్న దగ్గరకు వచ్చాడు. "జవాబు సిద్ధంగా ఉంది ప్రభూ. ఇలాగే వట్టి కాళ్లతో రండి."

వంటశాల వసారాలో శరభయ్య తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. చెప్పులు కాళ్లకు లేవు, చంకలో ఉన్నాయి. రాజుగారిని చూసి ఏదో చెప్పబోయాడు. రాజుగారు పెదవుల మీద వేలు ఉంచి తామూ చెవి ఒగ్గారు.

లోపల సోమిదేవమ్మ ఎవరికో అప్పగింతలు పెడుతోంది. "చింతపండు తగ్గించి వెయ్యి. ఆయనకు పులుపు పడదు, రాత్రంతా పొట్ట పట్టుకుంటాడు. పులుసు మాత్రం గిన్నె నిండా పొయ్యి. సగం ఆ మీసాలే తాగేస్తాయి. పిచ్చి మారాజు, కడుపు మాడుతుంది."

రాజుగారి ముఖం చిన్నబోయింది. తమ చెవిన పడింది సగం మాటేనని తెలిసి సిగ్గేసింది. శరభయ్యను చేయి పట్టుకుని వసారా చివరకు నడిపించారు.

"చెప్పులు ఎందుకు విప్పావు?"

"వంటశాల దగ్గర వేసుకోకూడదు కదా ప్రభూ."

"గుమ్మం బయట విడవాలి గాని, చంకన ఎత్తుకుని లాలిస్తారా అండీ?" అన్నాడు బుచ్చెన్న.

శరభయ్యకు ఇక దాపరికం మిగల్లేదు. "వేసుకుంటే ఒక్క మాటా చెవిన పడటం లేదు ప్రభూ. చప్పుడు వినగానే అందరూ మాట మార్చేస్తున్నారు."

బుచ్చెన్న చేతులు జోడించాడు.

"తాతగారు వేసుకున్నది అందుకే ప్రభూ. తమను ఆడిపోసుకునేవాళ్లకు ముగించుకునే వ్యవధి ఇచ్చేవారు."

 రాజుగారు శరభయ్య చంకలోని చెప్పులు లాక్కుని తొడుక్కున్నారు. వసారా పొడవునా తీరుబడిగా కిర్రు కిర్రుమంటూ నడిచి, గుమ్మం బయట వాటిని విడిచి లోపలికి వెళ్లారు.

సోమిదేవమ్మ కంగారుగా పైట సర్దుకుంది. "ఏం లేదు ప్రభూ, పులుసు సంగతి చెబుతున్నాను."

"రేపు కూడా నువ్వే వండు. గిన్నె నిండా పొయ్యి, వీటి వాటా పోను నాకు మిగలాలి," అంటూ రాజుగారు మీసం దువ్వుకున్నారు.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని నవ్వింది.

"నువ్వు అడగబోయేది ఇదేనని తెలుసు," అన్నారు రాజుగారు బుచ్చెన్నతో. "అది నా కడుపు కోసం నేనే చేసుకున్నాను. నీ బహుమానం ఇంకా మిగిలే ఉంది. కోరుకో."

బుచ్చెన్న శరభయ్య పాదాల వైపు జాలిగా చూశాడు.

"పోలయ్యతో ఇంకో జత కుట్టించండి ప్రభూ. పాపం, పేష్కారుగారు వట్టి కాళ్లతో ఉన్నారు."

రాజుగారు మీసాలు అదిరేలా నవ్వారు. ఆ నవ్వు కోట గుమ్మం దాకా వినబడింది.