అరవై వెదురు గెడలు, ఒకే ఒక్క పేరు

వాగుకి ఇవతల ఇంజనీరింగు కాలేజీ, అవతల ఎద్దు ఇల్లు. మధ్యలో వంతెన లేదు. చదువుల్లో అసలు కష్టాలు ఇలాంటివే, పుస్తకాల్లో ఉండవు.

కాలేజీ అంటే పెద్ద పెద్ద భవనాలు ఊహించుకోకండి. పాడుబడ్డ రాతి క్వారీ, దాని అంచున ఒక ఈతచెట్టు, ఆ చెట్టుకి తలకిందులుగా వేలాడుతూ పాఠం చెప్పే గిజిగాడు మేష్టారు. గూడు అల్లడంలో ఆయన్ని మించిన ఇంజనీరు ఆ అడవిలో లేడు. అందుకని ఆయనే ప్రిన్సిపాలు, ఆయనే లెక్చరరు, గంట కొట్టేదీ ఆయనే.

ఎద్దు నిజానికి పోయినేడే ఫస్టియర్లో చేరింది. వానలు పడ్డాయి, వాగు పొంగింది, నలభై రోజులు క్లాసుకి రాలేకపోయింది. హాజరు చాలక ఏడాది పోయింది. ఈ ఏడు మళ్లీ ఫస్టియరే. కుందేలు పిల్లలు "సీనియర్ గారూ, మీరూ మా క్లాసేనా?" అని అడిగితే నవ్వి ఊరుకునేది గానీ, లోపల కలుక్కుమనేది. ఈసారి కూడా తప్పితే ఇంటి దగ్గర నాగలి సిద్ధంగా ఉంది.

మేష్టారికి ఈ సంగతి తెలుసు. అందుకే ఆ ఏడు ప్రాజెక్టుగా వాగు మీద వంతెనే ఇచ్చారు. జట్టుకి నలుగురు: ఎద్దు, ముళ్లపంది, ఉడుము, నక్క.

"తొలకరికి ఇంకా పన్నెండు రోజులుంది" అన్నారు మేష్టారు. "వెదురు డిపో ఏనుగు గారి అధీనంలో ఉంది. ఆయనకి మెయిల్ పెట్టి గెడలు అడగండి, తెచ్చుకోండి, కట్టండి. మార్కులు జట్టుకే. విడివిడిగా లేవు."

ఆ అడవిలో మెయిల్ అంటే అరటాకు ముక్క మీద ముల్లుతో గీసి గోరింకకి ఇవ్వడమే. ఆకు గాలికి ఎగిరిపోయినా మాట పోకూడదని, గోరింక ఉత్తరాన్ని బట్టీపట్టి మరీ బయల్దేరేది. దానికి ఒకసారి బట్టీ వచ్చిందంటే ఇక ఈ జన్మకి పోదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎద్దు వాగులోకి దిగి ఎక్కడ లోతో, ఎక్కడ రాయో కాలితో తడిమి చూసింది. ముళ్లపంది కొలతలు తీసింది. ఉడుము తాళ్లు పేని ముడులు వేసి చూసింది. ఉడుము పట్టు సంగతి నేను చెప్పాలా! నక్క మాత్రం గట్టు మీద కూర్చుని తోక దువ్వుకుంది.

"రాతకోతలు నాకొదిలేయండి. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు వెన్నతో పెట్టిన విద్య" అంది.

రాసింది. తొమ్మిది ఆకులు రాసింది. గోరింక మూడుసార్లు తిరిగి మోసుకెళ్లింది. ఒక రోజైంది, రెండైంది, అయిదు రోజులైనా జవాబు లేదు.

ముళ్లపందికి ఒళ్లు మండింది. "ఇంతకీ ఏం రాశావు బావా?"

"శ్రీశ్రీశ్రీ గజకుల తిలకులు, దంతకాంతి విరాజితులు..."

"ఆ తర్వాత?"

"వాళ్ల తాతగారి నడక మీద రెండు ఆకులు."

"గెడల సంగతి?"

"తొమ్మిదో ఆకు చివర ఉంది. వస్తూనే అడిగితే ఏం మర్యాద?"

"ఎన్ని కావాలో రాశావా?"

"తగినన్ని అన్నాను."

"ఎప్పటికి?"

"తమరి వీలు వెంబడి అన్నాను."

"వాన మన వీలు చూసి రాదు కదా బావా" అంది ఎద్దు మెల్లగా.

"చల్లకొచ్చి ముంత దాచడం అంటే ఇదే!" అని ఉడుము నాలుక చాపింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. డిపో ఆఫీసరు పెడతాడా?"

కొమ్మ మీదనించి గోరింక దగ్గింది. "నన్నెవరూ అడగలేదు కనక చెప్పలేదు. ఏనుగు గారికి రోజుకి రెండొందల మెయిళ్లు వస్తాయి. ఆయన మొదటి రెండు వరుసలు చూస్తారు. అందులో పని కనబడితే మిగతాది చదువుతారు."

"కనబడకపోతే?"

"అరటాకే కదా, నమిలేస్తారు. నీ ఉత్తరం వెళ్లిన రోజు మధ్యాహ్నం ఆయన భోజనమే అడగలేదు."

ఉడుము పడీపడీ నవ్వింది. నక్క మొహం మాడ్చుకుంది. ముళ్లపంది మాత్రం వీపు మీంచి ఒక ముల్లు పీకి, ఒకే ఒక్క ఆకు పరచుకుని రాయడం మొదలుపెట్టింది.

"విషయం: వాగు మీద వంతెనకి అరవై వెదురు గెడలు కావాలి, ఈ వారంలోపు.

ఏనుగు గారికి నమస్కారం. మేం నలుగురం, గిజిగాడు మేష్టారి ఫస్టియర్ విద్యార్థులం. పోయినేడు వాగు పొంగి మాలో ఒకరికి నలభై రోజుల చదువు పోయింది. ఈసారి తొలకరి లోపు వంతెన కట్టాలని కొలతలు తీసుకున్నాం. గెడ ఒక్కోటి పన్నెండు మూరలుండాలి. మోసుకెళ్లడం మా పనే. ఏ రోజు రమ్మంటారో దయచేసి తెలియజేయగలరు. ఇట్లు, ఎద్దు, ముళ్లపంది, ఉడుము, నక్క."

ఎద్దు రెండుసార్లు చదివించుకుంది. "మాలో ఒకరు అన్నావేం చెల్లీ? అది నేనే కదా."

"నీ కష్టం ఆయనకి తెలియాలి గానీ, నువ్వు చిన్నబోకూడదు అన్నయ్యా."

ఎద్దు తల పక్కకి తిప్పి కాసేపు గడ్డి మేసింది. అక్కడ గడ్డి లేదని తర్వాత ఉడుము చెప్పింది.

"ఇలా ఇవ్వండి, గోరింకకి నేనే అందిస్తా" అని నక్క ఆకు లాక్కుంది. పొద చాటుకి వెళ్లాక ఆలోచనలో పడింది. ఏనుగు గారి దృష్టిలో పడితే చదువు కాగానే డిపోలో ఉద్యోగం ఖాయం. నలుగురి పేర్లుంటే ఆయనకి ఎవరు గుర్తుంటారు? గోటితో బరబరా మూడు పేర్లు గీకేసింది. మిగిలిన పేరుని కాస్త లావుగా దిద్దింది. సొమ్మొకడిది, సోకొకడిది.

మర్నాడు పొద్దున్నే గోరింక జవాబుతో వాలింది. "అరవై గెడలు మంజూరు!"

"ఎవరి తోక తొక్కామర్రా ఇవాళ!" అని ఎద్దు గంతేసింది. నక్క గభాల్న తన తోక వెనక్కి లాక్కుంది.

"ఆగండి, ఇంకా ఉంది" అంది గోరింక. "రేపు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా గేటు తెరిచి ఉంటుంది. ఆ ఒక్క రోజే. ఉత్తరంలో పేరున్నవాళ్లే లోపలికి రావాలి. సాయంత్రానికి మిగిలిన గెడలు వేరేవాళ్లకి పోతాయి."

ముగ్గురూ కేరింతలు కొట్టారు. నాలుగో వాడికి గొంతులో వెలక్కాయ పడింది.

మర్నాడు డిపో గేటు దగ్గర కాపలా ఎలుగుబంటి కాగితం, అదే, ఆకు చూసింది. "నక్క. ఒక్కటే. మిగతావాళ్లు పక్కకి తప్పుకోండి."

"ఏదో పొరపాటు జరిగుంటుంది మామా, మళ్లీ చూడు" అంది ఎద్దు.

"ఎన్నిసార్లు చూసినా నక్కే. పైగా లావుగా ఉంది."

అందరూ నక్క వైపు తిరిగారు. "ఆకు తడిసి చెరిగిపోయిందేమో..." అని నసిగింది నక్క.

"తడిస్తే గోళ్ల గాట్లు పడతాయా?" అంది ఎలుగుబంటి.

ముళ్లపంది ముళ్లన్నీ ఒక్కసారి లేచాయి. ఉడుము మాత్రం చాలా మర్యాదగా గేటు వైపు చెయ్యి చూపించింది. "పెద్ద ఇంజనీరు గారు లోపలికి దయచెయ్యాలి. అరవై గెడలు తమరి కోసం ఎదురుచూస్తున్నాయి."

నక్క వెళ్లింది. మొదటి గెడ కొస నోట కరిచి లాగితే గెడ కదల్లేదు, పన్ను కదిలింది. భుజానికెత్తుకుంటే గేటుకి అడ్డంగా ఇరుక్కుంది. నిలువుగా తిప్పబోతే అదొచ్చి నెత్తిన పడింది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి బయటికొచ్చినవి రెండంటే రెండు గెడలు. ఉడుము నవ్వీ నవ్వీ దొర్లింది.

ఎద్దు నవ్వలేదు. అది పడమటి వైపే చూస్తోంది. అక్కడ మబ్బు నల్లగా దిగుతోంది.

"నాకూ నవ్వాలనే ఉంది" అంది. "కానీ ఈ గెడలు పోతే బావకి పోయేది పరువే. నాకు ఇంకో ఏడాది పోతుంది. మూడోసారి ఫస్టియరంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు చెల్లీ. నాగలే."

ఆ మాటకి ఉడుము నవ్వు ఆగింది. నక్క కూడా విన్నది. గెడ కింద పడేసి వచ్చి ఎద్దు ముందు నిలబడింది. ఎద్దు ఒక్క కొమ్ము విసురు విసిరితే ఆ నక్క వాగు అవతల పడేది. ఎద్దు విసరలేదు.

"నిన్ను తిట్టుకుంటూ కూర్చునే తీరిక లేదు బావా. గేటు నీ పేరు మీద ఉంది. ఇంకో మెయిల్ నువ్వే రాయాలి."

"ఏమని రాయను? గాలికి పేర్లు..."

ముళ్లపంది ముల్లు పీకి చేతికిచ్చింది. "జరిగింది రాయి. మొదటి వరుసలోనే రాయి. తొమ్మిదో ఆకు చివర కాదు. నకలు అందరికీ పంపు."

"అందరికీ ఎందుకు?"

"గీకింది అందరి పేర్లూ కాదూ?"

నక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి రాసింది. "విషయం: నా తప్పు. ముగ్గురి పేర్లు నేనే గీకేశాను. పని చేసింది వాళ్లు. పొద్దు గుంకే లోపు వాళ్లని లోపలికి పంపమని ప్రార్థన. ఇట్లు, నక్క." పుట్టి బుద్ధెరిగాక అది రాసిన అతి చిన్న ఉత్తరం అదే.

గోరింక రివ్వున ఎగిరింది. జవాబు రాలేదు, ఏనుగు గారే వచ్చారు. ఆకు నమలకుండా తొండంతో జాగ్రత్తగా పట్టుకుని మరీ వచ్చారు.

"మొన్నటి ఉత్తరంలో మేం నలుగురం అని ఉంది. కింద పేరు ఒకటే ఉంది. ఆ ముగ్గురూ ఏమయ్యారో గేటు దగ్గర తేలుతుందనుకున్నా, తేలింది" అన్నారు. "లోపలికి వెళ్లండి. గడువు మాత్రం పెంచను. పొద్దుంది, మోసుకోండి."

ఇక చూడాలి! ముళ్లపంది లెక్కపెట్టి పేర్చింది, ఉడుము మోపులు కట్టింది, ఎద్దు మోసింది. మోపుకి ఎనిమిది గెడలు, ఏడు మోపులు. ఏడో మోపు దాటేసరికి సూర్యుడి అంచు మాత్రమే మిగిలింది. లోపల ఇంకా రెండు గెడలున్నాయి. ఎవరూ చెప్పకుండానే నక్క లోపలికి పరిగెత్తింది. ఒకటి ఈడ్చింది, మళ్లీ పరిగెత్తి రెండోది ఈడ్చింది. ఎలుగుబంటి గేటు మూస్తుంటే ఆ సందులోంచి గెడతో సహా బయటపడింది. తోక వెంట్రుకలు నాలుగు గేటులోనే ఉండిపోయాయి.

ఒగరుస్తూనే ఏనుగు గారికి దణ్ణం పెట్టింది. "అయ్యా, చదువయ్యాక డిపోలో రాతకోతల ఉద్యోగం ఏమైనా..."

"ఆ తొమ్మిది ఆకుల ఉత్తరం రాసింది నువ్వేనా?"

"చిత్తం!" నక్క కళ్లు మెరిశాయి.

"రుచిగా ఉంది" అని ఏనుగు గారు వెళ్లిపోయారు.

అయిదు రోజుల్లో వంతెన లేచింది. ఆరో రోజు తెల్లవారేసరికి వాన దంచి కొట్టింది, వాగు ఒడ్డులు ఒరుసుకుంటూ పారింది. క్వారీలో మేష్టారు హాజరు పిలిచారు. "ఎద్దు?"

"వచ్చాను సార్!"

ఆ రంకెకి ఈతచెట్టు మీద మేష్టారి గూడు మూడు ఊపులు ఊగింది. గూడులోంచి "కూర్చో నాయనా" అన్న మాట వచ్చింది.

నక్క కూడా రోజూ ఆ వంతెన మీదే వస్తుంది. వంతెన రాట మీద గోరింక కాపురం పెట్టింది. అందరికీ నకలు పంపమన్నారు కదా, దాని దృష్టిలో అడవిలో ఇంకా చాలామందికి అందలేదు. నక్క కాలు పెట్టగానే గొంతు సవరించుకుంటుంది. "విషయం: నా తప్పు! ముగ్గురి పేర్లు నేనే గీకేశాను..."

నీతి: పేరంతా ఒక్కడే రాసుకుంటే బరువంతా ఆ ఒక్కడే మోయాలి.