గవరయ్య బండీ, దాని దొంగా

అనగనగా ఒక ఊరుంది బుజ్జీ. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి పాత పికప్ వ్యాను ఒకటి. దాంట్లో సంతకి గుమ్మడికాయలు తోలితేనే ఇల్లు గడిచేది. అది కదలకపోతే ఆ పూట పొయ్యిలో పిల్లి లేవదు.

అయితే ఆ బండి నిండా సామానే. తుప్పు పట్టిన పానాలు, వంకర స్క్రూడ్రైవరు, కొబ్బరితాడు, సైకిల్ ట్యూబు ముక్కలు, మూతల్లేని డబ్బాలు, పిడి ఊడిన సుత్తి. "ఈ చెత్తంతా పాత సామాన్లోడికి ఇచ్చెయ్యరాదా" అని పెళ్ళాం నూకాలు రోజూ పోరు పెట్టేది. "చెత్త కాదే, ఒక్కోదానికి ఒక్కో పనుంది, చెప్తా విను" అని గవరయ్య మొదలుపెట్టేవాడు. ఆవిడ చీపురు పట్టుకుని పెరట్లోకి పోయేది. పాపం, ఆయన మాట చివరిదాకా విన్నవాళ్ళే లేరు.

ఒకరోజు సంతలో కాయలు దింపేసి గవరయ్య టీ తాగుతున్నాడు. అప్పుడు ఒక దొంగ మెల్లగా వచ్చి బండెక్కాడు. గవరయ్య అది చూశాడు. గ్లాసు అక్కడే పెట్టేసి, వాడి వీపు విమానం మోత మోగిద్దామని పరుగెత్తాడు.

తీరా చూస్తే, దొంగ తలుపు పట్టుకుని ఈడుస్తున్నాడు. అది మూతపడట్లేదు. గవరయ్య ప్రాణం ఉసూరుమంది. "అలా లాగితే ఊడి చేతికొచ్చేస్తుంది నాయనా. తాడుతో కట్టాలి" అని తనే కట్టాడు.

ఆ తర్వాత దొంగ తాళం కన్నంలో మేకు పెట్టి తిప్పాడు. "మేకు కాదు, వంకర స్క్రూడ్రైవరు. తిప్పి, సుత్తితో ఇక్కడ చిన్నగా ఒకటెయ్యి" అన్నాడు గవరయ్య. "అంతేనా మావా?" అని దొంగ బుద్ధిగా అడిగాడు. అలా అడిగేసరికి గవరయ్య పొంగిపోయాడు. వాడు దొంగన్న సంగతే మర్చిపోయాడంటే నమ్ముతావా?

ఆ తర్వాత గేరు. అది జారిపోకుండా ట్యూబు ముక్కతో సీటుకి బిగించాలి. అదీ దగ్గరుండి బిగించాడు. "ఇంక నువ్వు కూర్చో, నేను తోస్తా" అని పంచె ఎగ్గట్టి, తన బండిని తనే తోశాడు. బండి బుర్రుమని కదిలింది.

కాస్త దూరం పోయాక గానీ గవరయ్యకి తెలివి రాలేదు. బండి పోతోంది. తోలుతున్నవాడు దొంగ. రేపట్నుంచి ఇంటిల్లిపాదీ ఏం తింటారు? నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడిపోయాడు.

అప్పుడు ఏమైందో తెలుసా? బండి సంత చుట్టూ తిరిగి మళ్ళీ ఆయన ముందుకే వచ్చింది. "మావా, ఇది ఆగట్లేదు" అన్నాడు దొంగ. ఆగని బండితో రోడ్డెక్కాలంటే వాడికి భయం. ఇంకో చుట్టు తిరిగాడు. "మావా, బ్రేకెక్కడుంది?" అన్నాడు. మూడో చుట్టుకి మాటల్లేవు, ఏడుపొక్కటే.

గవరయ్య ఒక చెక్క దిమ్మ తెచ్చి చక్రం కిందికి తోశాడు. బండి ఆగింది. దాని బ్రేకు అదే మరి.

దొంగ దిగి చేతులు జోడించాడు. "నీ బండి నాకొద్దు మావా. ఊరికే ఇచ్చినా వద్దు."

బండి పోయినప్పుడు రాని కోపం గవరయ్యకి ఇప్పుడొచ్చింది. "నా బండికేం తక్కువరా? ఇంకా హారన్ సంగతి చెప్పనేలేదు, ఎక్కు" అని వాణ్ణి పక్కసీట్లో కూలేశాడు. హారనూ, లైట్లూ, వైపరూ, ఒక్కో పానా, ఒక్కో డబ్బా ఎందుకుందో పొద్దుగూకేదాకా చెప్పాడు. దొంగ చివరిదాకా విన్నాడు. నన్నడిగితే, జైల్లో పెట్టినా వాడికి అంత శిక్ష పడేది కాదు.

బండేమో ఇంటికి,
దొంగేమో దారికి,
కథేమో కంచికి,
నిద్దరేమో నీ కంటికి.