ముళ్ళపంది పక్కన విస్తరి

ఇదిగో, ముందు కుదురుగా కూర్చోండి. మధ్యలో మంచినీళ్ళంటూ ఎవరైనా లేచారో, కథ అక్కడితో ఆపేస్తాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటి ఒడ్డున పాతకాలపు ఇటుకల స్తూపం ఒకటి ఉండేది. ఏటా వైశాఖ పౌర్ణమికి జంతువులన్నీ అక్కడ చేరి బుద్ధుడి పండగ చేసుకునేవి. ఆ రోజు ఎవరూ ఎవర్నీ వేటాడకూడదు. పొద్దున్నే స్తూపం చుట్టూ తిరిగి పూలు పెట్టాలి. ఆ తర్వాత అందరూ ఒకే బంతిన కూర్చుని వెదురుబియ్యం పాయసం తినాలి.

ఆ బంతికో పద్ధతి ఉంది. ఎవరికి ఎవరంటే బాగా భయమో, వాళ్ళ పక్కనే కూర్చోవాలి. కప్ప వెళ్ళి పాము పక్కన కూర్చునేది. పాము వెళ్ళి ముంగిస పక్కన చేరేది.

"ఈ ఒక్క పూటన్నా పక్కపక్కన తింటే, ఏడాదంతా గుండె కాస్త నిబ్బరంగా ఉంటుంది" అనేవాడు తాబేలు తాత. పండగ పెద్ద ఆయనే.

చిరుతమ్మ ఒక్కతే ఎవరి పక్కకీ వెళ్ళేది కాదు. "నాకెవరన్నా భయం లేదు" అని బంతి మొదట్లో దర్జాగా కూర్చునేది. కుందేలే వణుక్కుంటూ వచ్చి దాని పక్కన కూర్చునేది.

ఆ ఏడు పండగకి కొద్ది రోజుల ముందు చిరుతమ్మ ముళ్ళపంది మీదికి దూకింది. ముళ్ళపంది గిరుక్కున వెనక్కి తిరిగింది. అంతే, ముల్లు ఒకటి చిరుతమ్మ ముందుకాలి అరికాల్లో దిగింది. పళ్ళతో పీకబోతే విరిగి, ముక్క లోపలే ఉండిపోయింది. కాలు వాచింది, చీము పట్టింది. వేట లేదు. ఇద్దరు పిల్లలూ ఆకలికి నీరసించిపోయారు. చిరుతమ్మకి ముళ్ళపంది పేరు తల్చుకుంటేనే ఒళ్ళు జలదరించేది. కానీ ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? చిరుత కదా మరి.

పండగ రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"కాలికేమైందే?" అన్నాడు తాబేలు తాత.

"రాయి గుచ్చుకుంది తాతా" అంది.

"కాలలా ఈడుస్తున్నావేం వదినా?" అంది కోతి.

"రాత్రి తిమ్మిరెక్కిందిలే" అంది.

"చిరుతక్కా, నీ కాలు చాలా వాచింది" అంది కుందేలు, భయపడుతూనే.

"నీకెందుకు? నీ పని చూసుకో" అని కసిరింది.

బంతి వేశారు. మోదుగాకు విస్తళ్ళు పరిచారు. చిరుత పాయసం తింటుందా అని అడక్కండి. పండగ పూట ఏది పెడితే అది తినాల్సిందే, మీకైనా దానికైనా.

ఇంతలో చిన్న కూన తల్లిని ఆనుకుని పడుకుంది. "అమ్మా, రేపు కూడా నువ్వు వేటకి వెళ్ళలేవా?" అంది.

చిరుతమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ కాలు ఇలాగే ఉంటే పిల్లలు బతకరని దానికి తెలుసు. లేచింది. మూడు కాళ్ళ మీద బంతి పొడుగునా నడిచింది. అందరూ చూస్తూనే ఉన్నారు. బంతి చివర ముళ్ళపంది ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్ళి అతని పక్కన కూలబడింది.

"నాకు నువ్వంటే భయం" అంది, తల దించుకుని. "నీ ముల్లు నా కాల్లో ఉంది."

అందరూ నవ్వుతారనుకుంది. ఒక్కరూ నవ్వలేదు.

"నాకూ నువ్వంటేనే భయం చిరుతక్కా" అన్నాడు ముళ్ళపంది. "పద్ధతి ప్రకారం నీ పక్కనే కూర్చోవాలి. పగబట్టి ఉంటావని ఇక్కడికొచ్చి దాక్కున్నాను. ఏదీ, కాలు ఇటు పెట్టు."

చిరుతమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని కాలు చాపింది. ముళ్ళపంది తన సన్నటి ముందుపళ్ళతో ముల్లు మొదలు పట్టుకుని, ఒక్క లాగు లాగాడు. ముల్లు వచ్చేసింది. లోపలి చీము అంతా కారిపోయింది.

"అమ్మయ్య" అంది చిరుతమ్మ. "అమ్మయ్య" అన్నారు బంతిలో అందరూ. కోతి ఏటి నీళ్ళు తెచ్చి కాలు కడిగింది. కుందేలు తన విస్తట్లో పాయసం తెచ్చి కూనల ముందు పెట్టింది. కూనలు విస్తరాకు కూడా నాకేశాయి. చిరుతమ్మ అక్కడే, ముళ్ళపంది పక్కనే, హాయిగా నిద్రపోయింది. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర.

కాలు నయమయ్యాక చిరుత మళ్ళీ చిరుతే, కుందేలుకి మళ్ళీ పరుగే. అది అడవి కదా, ఏం చేస్తాం? కానీ ముళ్ళపంది జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. మరుసటేడు పండక్కి చిరుతమ్మ అందరికంటే ముందొచ్చి, పిల్లలతో సహా బంతి చివర కూర్చుంది. ముళ్ళపంది ముళ్ళన్నీ ఒద్దికగా వెనక్కి దువ్వుకుని, దాని పక్కన విస్తరి వేసుకున్నాడు.

నీతి: నొప్పీ భయమూ గొప్పకి పోయి దాచుకుంటే లోపలే కుళ్ళుతాయి; నోరు తెరిచి చెప్పుకుంటే ముల్లు తీసే చెయ్యి దొరుకుతుంది.