గెనుసుగడ్డల కుప్ప, టమాటా గుజ్జు తొట్టి

కొండ కింద, వాగును ఆనుకుని ఉన్న ఇసుక నేలలో పుల్లన్న చేను ఉంది. ఆ చేనికి ముసలి ఎద్దు ఓబన్నే దిక్కు. ఒకప్పుడు అతనికి జోడు ఉండేవాడు, పేరు చెన్నన్న. ఇద్దరూ ఒకే కాడి కింద పదకొండేళ్లు దున్నారు. గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, తీసే కాలమొస్తే నాగలికి తెగిన గడ్డలన్నీ పుల్లన్న వాళ్ల ముందే పోసేవాడు. చెన్నన్న తన వాటా గబగబా నమిలేసి, "ఇంకొక్కటి, అన్నా!" అంటూ మూతి చాచేవాడు. ఓబన్న విసుక్కుంటూనే ఒక గడ్డ అటు తోసేవాడు.

చెన్నన్న జబ్బుచేసి పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఓబన్నది ఒంటెద్దు బండి. మొన్న గడ్డల లోడుతో మిట్ట ఎక్కబోయి సగంలో ఆగిపోయాడు. "శనివారం కూడా ఎక్కకపోతే వీణ్ణి సంతకు తోలక తప్పదు" అని పుల్లన్న భార్యతో అనడం అతని చెవిన పడింది. ఆ దిగులుతో ముందున్న తెగిన గడ్డల కుప్పను కూడా సరిగా ముట్టలేదు.

గురువారం పొద్దున్నే నక్క వచ్చింది.

"ఏం మామా, అట్లా చిక్కిపోయినావు?"

"వయసు, అబ్బీ."

"వయసు కాదు, తిండి! మట్టిలో పుట్టిన ఈ గడ్డలు తింటే ఒంట్లో మట్టే చేరుతుంది. వాగు గట్టున రాతి తొట్టి నిండా టమాటా గుజ్జు చేసిపెట్టినా. ఎంత ఎరుపో చూడు! అంతా రక్తమే అనుకో. వంద కాయల సారం ఒక్క గుటకలో ఉంటుంది. నువ్వు మామవు కాబట్టి ఇస్తా. ఈ గడ్డలు నాకిచ్చెయ్."

ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసిన కాయలను తొక్కి చేసిన గుజ్జు అది. ఆ సంగతి నక్క చెప్పలేదు.

ఓబన్న వెళ్లి ఒక గుటక తాగాడు. పుల్లగా, చల్లగా ఉంది. నాలుక లేచి వచ్చినట్టయింది. ఇచ్చేద్దామనే అనుకున్నాడు. అంతలో చెన్నన్న గుర్తొచ్చాడు. కొత్త మేత ఏది పెట్టినా చెన్నన్న ముందు పెట్టినవాడి మొహం చూసేవాడు, ఆ తర్వాతే మూతి పెట్టేవాడు. ఓబన్న కూడా తలెత్తి చూశాడు. నక్క కళ్లు తొట్టి మీద లేవు. దూరాన ఉన్న గడ్డల కుప్ప మీదే ఉన్నాయి.

"సరే అబ్బీ," అన్నాడు ఓబన్న నిదానంగా. "ఈ రెండు రోజులూ నువ్వు గుజ్జే తాగు, నేను గడ్డలే తింటా. శనివారం నేను లోడుతో, నువ్వు ఉత్త చేతుల్తో మిట్ట ఎక్కుదాం. నువ్వు ముందు ఎక్కితే కుప్పంతా నీదే."

చుట్టూ చేరిన మేకా, కోళ్లూ "న్యాయమే, న్యాయమే" అన్నాయి. తన గుజ్జును తానే అంత పొగిడాక కాదనలేక నక్క ఒప్పుకుంది. చాటుగా ఒక కోడిని పట్టుకోవచ్చులే అని దాని ధైర్యం. కానీ చేనికాపు కుక్క నల్లోడు వచ్చి దాని పక్కనే చతికిలబడ్డాడు.

"పందెం కదా, సాక్షి ఉండాలి," అన్నాడు.

మొదటి రోజు నక్క హుషారుగానే తాగింది. మధ్యాహ్నానికి ఆకలేసి కోళ్ల వైపు చూసింది. రెండో రోజు గుజ్జు పులిసి నురగ కట్టింది. ఇటు ఓబన్న ఒక్కో గడ్డా మెల్లగా నమిలాడు. ప్రతి గడ్డకీ, పక్కన ఇంకో మూతి చాచి ఉన్నట్టే అనిపించింది. కన్ను చెమర్చింది. అయినా పొట్ట నిండింది, కాళ్లలో సత్తువ కుదిరింది.

శనివారం బండి కదిలింది, వెంటే నక్కా బయల్దేరింది. సగం మిట్టకు బండి నెమ్మదించింది. మొన్న చక్రానికి రాయి అడ్డుపడి ఆగింది అక్కడే. పుల్లన్న కొరడా ఎత్తలేదు, వెన్ను మీద చెయ్యి వేశాడు. ఓబన్న మెడ వంచి, పళ్లు బిగబట్టి లాగాడు. చక్రం ఆ రాయి దాటింది. మరి ఆగలేదు.

పైకి చేరి వెనక్కి చూస్తే నక్క లేదు. బండిలోంచి జారిపడ్డ గడ్డ ఒకటి సగం మిట్టలో పడి ఉంటే, నక్క దాని మీద పడి ఆవురావురుమని తింటోంది.

"ఏమబ్బీ, ఒంట్లో మట్టి చేరదా?" అని అరిచాడు నల్లోడు.

నక్క నోటి నిండా గడ్డే. వెంట వచ్చిన మేక, "గుజ్జును అనొద్దురా. తాజాగా ఉంటే తిండిలోకి బాగానే ఉంటుంది. తిండికి బదులు తాగమన్నాడు చూడు, అదీ మోసం!" అంది.

పుల్లన్న ఆ ఏడు సంత మాట మళ్లీ ఎత్తలేదు. నక్క ఆ చేని దారే మానుకుంది.

నీతి: ఎదుటివాడికి గొప్పగా చెప్పే తిండిని, చెప్పినవాణ్ణే ముందు తినమంటే దాని సంగతి తేలిపోతుంది.