తలపాగా కాదనలేదు

నీలకొండ అనే రాజ్యంలో ఒకనాడు, పగలు ఎనిమిదో గడియ కొట్టే వేళకి, ఆస్థాన విదూషకుడు తిప్పన సభామండపం మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పక్కనే ఇద్దరు భటుల మధ్య ఓబుళమ్మ నిలబడి ఉంది. మగ్గం మీద బతికే మనిషి. చేతులకి తాడు కట్టారు.

"ఏం చేశావమ్మా?"

"రాత్రి చీకటి పడ్డాక వాకిట్లో ఎవరో దాహమన్నారయ్యా. తలుపు తీసి చెంబుడు నీళ్ళిచ్చాను."

"ఎవరు?"

"మొహం కనబళ్ళేదు. తాగి చెంబు గడప మీద పెట్టి పోయారు. ముట్టుకుంటే వడగల్లులా ఉంది."

తిప్పనకి ఆమె నేరమేమిటో తెలిసిపోయింది. దీపాల వేళ దాటాక బయటినుంచి ఎవరు పిలిచినా పలకకూడదు, తలుపు తీయకూడదు. తీస్తే దేశబహిష్కారం. రాజుగారి తాత వేసిన శాసనం అది. ఎందుకో చెప్పకుండానే ఆయన పోయాడు.

తిప్పన వెనకే ఓబుళమ్మనీ సభలోకి తెచ్చారు. ఆనాటి సభ పాత శాసనాల్ని సరిచూడటానికే. అభ్యంతరాలుంటే ప్రజలు వచ్చి చెప్పుకోవచ్చని ప్రచండవర్మ మహారాజు దండోరా వేయించాడు. మండపం నిండింది గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. అక్కడి ఆచారం అలాంటిది. శాసనం వేసిన రాజు గతిస్తే, దాన్ని సరిచూసేనాడు ఆయన తలపాగాను సింహాసనం మీద పెట్టి, ఇప్పటి రాజు పక్కన పీఠం మీద కూర్చుంటాడు. ఏం చెప్పుకున్నా దానికే చెప్పుకోవాలి. చచ్చినవాడితో వాదించే గుండె ఎవరికుంది?

గాలి లేదు. అయినా తలపాగా కుచ్చు మెల్లగా ఊగుతోంది.

మంత్రి వంగి అడిగాడు. "పెద్దప్రభూ, తలుపుల శాసనం ఉంచమంటారా?" జవాబు లేదు. "కాదనలేదు. ఉంచమన్నట్టే!"

రాజు మీసం దువ్వాడు. "చూశావా తిప్పనా! ఇంత శ్రద్ధగా శాసనాలు సరిచూసిన రాజు ఇంకెక్కడైనా ఉన్నాడా?"

"లేడు మహాప్రభూ. ఇంత శ్రద్ధగా చూసి ఒక్క అక్షరం మార్చనివాడు అసలే లేడు."

"అయితే నువ్వడుగు. తాతగారికి కోపం వస్తే మాత్రం నీ తల దక్కదు."

తిప్పన సింహాసనం దగ్గరికి నడిచాడు. అక్కడ తడిమట్టి వాసన వేస్తోంది.

"పెద్దప్రభూ, ఈ శాసనం తీసేయమంటారా?"

కుచ్చు ఊగడం ఆగింది.

తిప్పన వెనక్కి తిరిగాడు. "కాదనలేదు మహాప్రభూ. తీసేయమన్నట్టే."

"అదెలా కుదురుతుంది?" అని మంత్రి మండిపడ్డాడు. "పలకనంత మాత్రాన ఒప్పుకున్నట్టా?"

"ఇందాక మీకు ఒప్పుకున్నారు కదండీ! మీకైతే సమ్మతీ, నాకైతే మౌనమూనా? పోనీ, ఆయన పలకలేరంటారా? అయితే బతికున్నవాళ్ళనే అడగాలి."

ఆ మాటకి రాజు పగలబడి నవ్వాడు. తలపాగా లోపలికి పంపించి, ఖాళీ సింహాసనంలో తానే కూర్చున్నాడు. "ఇప్పుడు నాతో చెప్పండి."

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. "చిన్నప్పుడు మా అన్న పొలంనుంచి ఆలస్యంగా వచ్చాడు ప్రభూ. దాహమంటూ తెల్లారేదాకా తలుపు కొట్టి, గడప మీదే పోయాడు. మేం తీయలేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆయనే లేచి ఓబుళమ్మ చేతుల తాడు విప్పాడు. శాసనం కొట్టేయించాడు. తన భుజం మీది జరీ శాలువా తిప్పనకి కప్పి, "నీ తల నీకే ఉంచాను, అదే అసలు బహుమతి" అని మళ్ళీ నవ్వాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టగానే ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ ఒకేసారి ఎవరో దాహమన్నారనీ, అందరూ తలుపులు తీసి నీళ్ళిచ్చారనీ, కోట గుమ్మంలో ఇచ్చింది మహారాజేననీ, ఎవరికి వారు తమ వాకిట్లోనే అనుకోవడంతో, కొన్నాళ్ళ తర్వాత గాని బయటపడలేదు.