గానుగెద్దు పెట్టిన ఐపీ

వాగుకు ఇవతల, ఇప్పచెట్ల మధ్య ఒక గానుగ ఉండేది. దాన్ని తిప్పేది సింగన్న అనే ఎద్దు. గానుగ సొంతదారూ సింగన్నే. అడవిలో ఎవరి కాడి వాళ్లే మెడకెత్తుకుంటారు, తోలడానికి మనుషులుండరు కదా. జంతువులు నువ్వులు అరువుగా పోస్తే, సింగన్న ఆడించి నూనె అమ్ముకుని, ఏడాది తిరిగేలోగా బాకీ తీర్చేవాడు. పదేళ్లు మాట పోకుండా నడిచింది. పదకొండో ఏడు జడివానకు కొట్టం కారి నువ్వులన్నీ బూజు పట్టాయి. ఆడిస్తే చేదు నూనె వచ్చింది. చేదు నూనె ఎవరు కొంటారు?

అరవై బస్తాల బాకీ మిగిలింది. ఉడుతమ్మ పిల్లల కోసం దాచుకున్న రెండు బస్తాలూ అందులోనే ఉన్నాయి. ఆవిడ రోజూ వచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో కూర్చుని వెళ్లేది. అడవిపంది వీరాస్వామి కూర్చునే రకం కాదు. తెల్లారగానే వచ్చి నలుగురికీ వినపడేట్టు తిట్టిపోయేవాడు. సింగన్నకు మేత సయించడం మానేసింది.

ఆ పక్కనే నక్క పానకాలు ఉండేవాడు. పోయిన శ్రావణంలో తన దగ్గర గింజ కూడా లేదని, అడవికి తీర్పులు చెప్పే తాబేలు తాత ముందు ఏడ్చి, అప్పులన్నీ మాఫీ చేయించుకున్న ఘనుడు. అనుభవం ఉన్నవాణ్ణి అడిగితే మంచిదని సింగన్న వాడి దగ్గరికే వెళ్లాడు. దారి చూపమని దొంగనే అడిగినట్టుంది, నన్నడిగితే.

"ఐపీ పెట్టెయ్ బావా," అన్నాడు పానకాలు. తీర్చలేనని న్యాయస్థానంలో అర్జీ పెట్టుకోవడాన్ని మన ఊళ్లలో అదే అంటారు. అడవిలోనూ అదే మాట.

"పరువు పోదూ?"

"రోజూ పొద్దున్నే పంది పట్టుకుపోతున్నది పరువు కాదా? ఇంకా మిగిలిందా నీ దగ్గర?"

"సరే, మరి నా గానుగ? అది మా నాన్న చేయించింది. అది పోతే నాకు తిండి లేదు."

"అందుకే చెబుతున్నా. ముందే దాన్ని నా పేర రాసెయ్. ఇరవై బస్తాలకు అమ్మినట్టు కాగితం. నేనిచ్చేదీ లేదు, నువ్వు పుచ్చుకునేదీ లేదు. గొడవ సద్దుమణిగాక నీది నీకిచ్చేస్తా. మనలో మనకు కాగితాలేంటి అసలు?"

కాగితాలేంటి అంటూనే కాగితం రాయించుకుంటున్నాడే అని సింగన్నకు తట్టలేదు. బెంగలో ఉన్నవాడికి బుర్ర సగమే పనిచేస్తుంది. గిట్టముద్ర వేసిచ్చాడు.

వారం తిరిగాక వాగొడ్డున బండ మీద తాబేలు తాత అర్జీ తీసుకున్నాడు. "ఇవాళ్టి నుంచి తీర్పు దాకా ఎవరూ సింగన్న గుమ్మం తొక్కకూడదు. ఏమున్నా నన్నడగండి," అన్నాడు. వీరాస్వామి గొణిగాడు గానీ తగ్గాడు. ఆ పూట సింగన్న కడుపునిండా మేశాడు, ఎన్ని నెలలకో.

మర్నాడు గానుగ దగ్గరికి వెళ్తే తలుపుకు తాళం. తాళం ముందు పానకాలు.

"ఆడించుకో బావా, వద్దన్నానా? రోజుకు సగం నూనె కిరాయి."

"ఇచ్చేస్తానన్నావుగా?"

"కాగితంలో ఉందా? పోనీ వెళ్లి తాతతో చెప్పుకో. ఆస్తి దాచానని నీ నోటితో నువ్వే చెప్పాలి మరి. అర్జీ కొట్టేస్తాడు, పంది మళ్లీ గుమ్మంలోకొస్తాడు."

కంచే చేను మేసింది. సింగన్న ఆ తాళం ముందు పొద్దెక్కేదాకా నిలబడ్డాడు. చెబితే అర్జీ పోతుంది, చెప్పకపోతే గానుగ పోతుంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకని చివరికి బండ దగ్గరికే నడిచాడు.

విచారణ మొదలైంది. "ఉన్న ఆస్తులన్నీ చెప్పు," అన్నాడు తాత.

"తాతా, ఒకటి దాచాను," అన్నాడు సింగన్న, తల వంచుకుని. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉడుతమ్మ ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

తాత తల అడ్డంగా ఊపాడు. "పిచ్చివాడా, గానుగ నీ పనిముట్టు. పొట్టపోసుకునే పనిముట్టును అప్పుల కింద జమకట్టే అధికారం నాకే లేదు. ఎవరూ లాక్కోలేనిదాన్ని తీసుకెళ్లి నక్క చేతిలో పెట్టావు. ముందే నన్నో, తెలిసినవాణ్ణో అడగొద్దూ?"

పానకాలు ముందుకొచ్చాడు. "వాడు దాచాడేమో తాతా, నేను మాత్రం న్యాయంగా కొన్నాను. ఇరవై బస్తాలు కొలిచి పోశాను. కాగితం చూడండి."

"ఎప్పుడు పోశావు?"

"మాఘంలో."

"నీ సొంత బస్తాలేనా?"

"అక్షరాలా నావే. రెండేళ్లుగా కూడబెట్టుకున్నవి."

"శ్రావణంలో ఈ బండ మీదే నిలబడి, గింజ లేదని ఏడ్చావు కదయ్యా," అన్నాడు తాత మెల్లగా. "మరి రెండేళ్ల బస్తాలు అప్పుడెక్కడున్నాయి?"

పానకాలు వెంటనే మాట మార్చాడు. "అబ్బే, కొనలేదు తాతా. ఊరికే రాయించుకున్నా. బస్తాలూ లేవు, ఏమీ లేవు."

"అయితే ఆ కాగితం చెల్లదు, గానుగ సింగన్నదే. బస్తాల సంగతి మాత్రం చూసి రావాలి. వీరాస్వామీ, నీకూ పానకాలు బాకీ ఉన్నట్టున్నాడు. తవ్వడం వచ్చా?"

పందికి ఆ ప్రశ్నా? మధ్యాహ్నానికల్లా నక్క బొరియలోంచి పద్నాలుగు బస్తాలు బయటపడ్డాయి. పానకాలు పాత మాఫీ ఆ క్షణమే రద్దయింది.

సింగన్నకు మూడేళ్ల గడువు దొరికింది. ఏటా నూనెలో మూడో వంతు అప్పులవాళ్లకు పంచాలి, మూడేళ్లయ్యాక మిగిలిన బాకీ మాఫీ. దాచినందుకు శిక్షగా, ఆ మూడేళ్లూ ఎక్కడా కొత్త అరువు తేకూడదు, ఎవరి నువ్వులు వాళ్లు తెస్తే వంతు నూనెకు ఆడించాలి. "ఉడుతమ్మకు ముందు కట్టేస్తా తాతా," అని బతిమాలాడు. "ఒకరికి ముందు, ఒకరికి వెనక కుదరదు. అందరికీ వంతు ప్రకారమే," అన్నాడు తాత. ఉడుతమ్మ, "ఫర్వాలేదు అన్నా, నిజం చెప్పావు, అది చాలు," అంది. సింగన్నకు అక్కడే కళ్లనీళ్లొచ్చాయి.

పానకాలు ఇప్పుడు, ఆ బస్తాలు పంచగా మిగిలిన పాత అప్పులకు కూలి చేస్తున్నాడు. సింగన్న గానుగ దగ్గరే, తెలకపిండి మోసే పని. రోజు కూలి అప్పులవాళ్లందరి తరఫునా నేరుగా వీరాస్వామి వచ్చి పట్టుకుపోతాడు.

చేతులెత్తేయక తప్పనప్పుడు రెండు చేతులూ ఎత్తాలి, ఒకటి వెనక దాచుకోకూడదు.